మీ మెమూ లేటవుతుందా? దాని ముందు ట్రిప్ చూడండి

నరసాపురం, భీమవరం, తణుకు, నిడదవోలు, రాజమండ్రి... రోజూ రైలెక్కి కాలేజీకో డ్యూటీకో వెళ్లేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. టైమ్ టేబుల్ మారిన ప్రతిసారీ వాట్సాప్‌లో ఒకటే గోల. "మన బండికి మెమూ ఇస్తారంట", "కాదు, డెమూనే అంట" అని. ఆ ఫార్వర్డ్‌లతో పనిలేదండి. చాలావరకు మనమే లెక్క కట్టొచ్చు.

ముందు బండి నంబర్ చూడండి. కోవిడ్ టైమ్ నుంచి ముందు సున్నాతో స్పెషల్స్‌గా తిరిగిన చాలా ప్యాసింజర్లకి 2025 జనవరి 1 టైమ్ టేబుల్‌తో మళ్లీ రెగ్యులర్ నంబర్లు వచ్చాయి. అయిదంకెల్లో మొదటిది 5 అయితే ఇంజన్ లాగే ప్యాసింజర్, 6 అయితే మెమూ, 7 అయితే డెమూ.

తర్వాత లైన్ సంగతి. మెమూకి పైన 25 వేల వోల్టుల తీగ ఉండాలి. విజయవాడ–గుడివాడ–భీమవరం–నరసాపురం, గుడివాడ–మచిలీపట్నం, భీమవరం–నిడదవోలు కలిపి 221 కిలోమీటర్లు. ఈ డబ్లింగ్, విద్యుదీకరణ ప్రాజెక్టుతో డెల్టాలో తీగ సమస్య తీరింది. ఇప్పుడు అసలు ప్రశ్న రేకులు ఎన్ని ఉన్నాయన్నదే. రేక్ అంటే పెట్టెల సెట్టు మొత్తం.

ఇక్కడే మన బీటెక్ పనికొస్తుంది. ప్లేస్‌మెంట్ కోచింగ్‌లో "కనీసం ఎన్ని ప్లాట్‌ఫామ్‌లు కావాలి" అనే లెక్క చేశారు కదా? ఇదీ అదే. ఒకే టైమ్‌లో ఎక్కువలో ఎక్కువ ఎన్ని మెమూలు దారిలో ఉంటాయో లెక్కపెట్టండి. కనీసం అన్ని రేకులు కావాలి.

ఇప్పుడు జతలు కట్టాలి. నరసాపురంలో లైన్ అయిపోతుంది. అక్కడికి వచ్చిన రేక్ మళ్లీ అక్కడి నుంచే బయల్దేరాలి. మెమూకి రెండు చివరలా డ్రైవర్ క్యాబ్ ఉంటుంది, ఇంజన్ అటు నుంచి ఇటు మార్చే పనిలేదు. ఊరికే లెక్క కోసం, 9:10కి ఒక మెమూ వచ్చి, 10 గంటలకి ఇంకోటి బయల్దేరుతుంది అనుకోండి. మధ్యలో వేరే మెమూ లేకపోతే ఆ రెండూ ఒకే రేక్ అయ్యే ఛాన్స్ ఎక్కువ. మెయింటెనెన్స్ కోసం రాజమండ్రి మెమూ షెడ్డుకి వెళ్లే ట్రిప్ కూడా ఈ గొలుసులో ఎక్కడో ఉండాలి.

దీనివల్ల మనకేంటి? 10 గంటల బండి గురించి యాప్ "రైట్ టైమ్" అనే చూపిస్తుండొచ్చు. కానీ దాని రేక్ ఇంకా నిడదవోలు దాటలేదంటే, అది ఎలా బయల్దేరుతుంది చెప్పండి? యాప్‌లో మీ బండిని కాదు, దాని ముందు ట్రిప్‌ని చూడండి. పరీక్షో ఇంటర్వ్యూనో ఉన్న రోజు ఈ ఒక్క చెక్‌తో టైమ్‌కి బస్సు పట్టుకోవచ్చు.

అయితే ఒక్కరోజు కలిసిందని ఫిక్స్ అయిపోకండి. యార్డులో ఇంకో రేక్ ఉంటే దాన్నే పంపిస్తారు. పెట్టె మీద నంబర్ ఉంటుంది కదా, వచ్చిన బండిదీ బయల్దేరిన బండిదీ వారం రోజులు రాసుకోండి. ఆరేడు రోజులు అదే కలిస్తే మీ లెక్క కరెక్టే. తేడా వస్తే జత మార్చి మళ్లీ చూడండి.

మీ స్టేషన్‌లో ఏ బండి ఏ బండిగా మారుతోందో కామెంట్‌లో పెట్టండి. అన్నీ కలిపి డెల్టా మొత్తానికి ఒక చార్ట్ చేద్దాం. ఉంటానండి!