పొలము బాగునకు ప్రభుత్వ ధనము – కౌలుదారుని పాలు



వ్యవసాయాభివృద్ధికి ప్రభుత్వమువారిచ్చు ధనసహాయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శులు మమ్ము కోరిరి. పథకముల పట్టిక చదివి కూర్చుండుట సులభమే. మేము చెప్పదలచినది వేఱొకటి గలదు. అది వినుటకు కొంత కష్టముగా నుండును. చెప్పుటకును అట్లే యున్నది.

రైతునకు సర్కారు సొమ్ము క్రొత్త సంగతి కాదు. నూతులు త్రవ్వుట, గట్లు వేయుట మొదలగు పనులకై 1883లో ఒక ఋణచట్టమును, విత్తులకు, ఎడ్లకు 1884లో మఱియొకటియు వచ్చినవి. మన పెద్దలు వీనినే తకావి అప్పులనిరి. భూమియే హామీ గనుక భూమి లేనివాడు ఆ గుమ్మమెక్కుట కష్టము.

నేటి సహాయములో అప్పు మాత్రమే కాక రాయితీయును గలదు. ఆంధ్రప్రదేశమున సూక్ష్మసేద్యపు పథకము 2003లో ఆరంభమైనది. కేంద్ర నిబంధనలనుబట్టి బిందుసేద్యపు ఖర్చులో చిన్న, సన్నకారు రైతులకు నూటికి 55 పాళ్లు, తక్కినవారికి 45 పాళ్లు రాయితీ; రాష్ట్రములు దానిపై కొంత చేర్చుటయు గలదు. ఒక రైతునకు 5 హెక్టారులు, అనగా పండ్రెండెకరములకు పైచిలుకు, పరిమితి. ఈ పద్ధతిలో నీరును ఎరువును మొక్క మొదటనే పడును. (గొట్టముల మొదటనున్న జల్లెడను తఱచు కడుగని సోమరికి ఎంత రాయితీ యిచ్చినను వ్యర్థమని ప్రక్కమాటగా మనవి చేయుచున్నాము.) 2014-15లో యంత్రములకు పథకము వచ్చినది. 2018లో తెలంగాణమున రైతుబంధు క్రింద ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చిరి. అది పట్టాదారునకే గాని కౌలుదారునకు చేరలేదు. 2019లో వచ్చిన పి.ఎం. కిసాన్ క్రింది ఏటి 6,000 రూపాయలును భూమిగల కుటుంబములకే.

ఇన్నింటను అడుగునది పాసుపుస్తకము. మరి పాసుపుస్తకము గలవాడే దున్నుచున్నాడా? ఈ సభలో ముందు వరుసలయందున్న వారిలో నాగలి పట్టువారెందఱో మీరే చూచుకొనుడు.

ఇతరులను అననేల? మా సంగతియే చెప్పెదము. పల్నాటిలో మాకు నాలుగెకరముల నల్లరేగడి గలదు. పిల్లలు పట్టణములు చేరిన పిదప దానిని కౌలుకిచ్చితిమి. కౌలుదారు మనవాడే; మమ్ము బాబాయి అని పిలుచును. తొమ్మిదేండ్లు మిరప వేసెను. బోరులో నీరు తగ్గుచుండగా బిందుసేద్యపు గొట్టములు వేసికొందునని, రైతు వాటా తానే కట్టుకొందునని, ఏడేండ్ల కౌలుపత్రముపై మా చేవ్రాలు మాత్రము కావలయునని వచ్చెను. “చూతములే నాయనా” అంటిమి. వరుసగా మూడు వేసవులు అదే మాట యంటిమి. వ్రాసియిచ్చిన భూమి చేయిజారునని మా లోపలి భయము. మఱుసటి యేడు బోరెండినది. అతడు చేను విడిచి గుంటూరు మిరప యార్డులో మూటలు మోయుటకు పోయెను. పి.ఎం. కిసాన్ సొమ్ము మాత్రము ఆ యేడును మా ఖాతాలో పడినది. ఆ చేనిలో మేము ఒక్క గడ్డిపోచ పెఱికినవారము కాము.

మా భయము ఊరక పుట్టినది కాదు. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టమును, దానికి 1974లో వచ్చిన సవరణయును కౌలుదారునకు గట్టి రక్షణ కల్పించినవి. దానికి జడిసి భూమిగలవారు కౌలును నోటిమాటకు దించిరి. చట్టము కాపాడదలచిన వానిని మనము కాగితమునుండియే తొలగించితిమి. కౌలుదారునకు ఋణార్హత కార్డు లిచ్చుటకు 2011లో ఒక చట్టము వచ్చినది. 2019 నాటి పంటసాగుదారు హక్కుల చట్టము యజమాని సంతకముతో 11 మాసముల ఒప్పందమును ఏర్పఱచెను. హక్కు పంటపైననే గాని భూమిపై లేదని స్పష్టముగా చెప్పెను. ఆ పత్రము పంట అప్పునకు, బీమాకు పనికివచ్చునట్టిది. గొట్టములకో? కౌలుభూమికి బిందుసేద్యపు రాయితీ యిచ్చుటకు కేంద్ర నిబంధనలలో వీలు గలదు గాని, దరఖాస్తునాటినుండి కనీసము ఏడేండ్ల కౌలు ఉండవలెను. పదునొకండు నెలలకును ఏడేండ్లకును నడుమనున్న యగాధమును పూడ్చగలది యజమాని చేవ్రాలొక్కటే.

హైదరాబాదునను అమెరికాలోను ఉన్న మన పోషకులు కల్యాణమంటపములకు, విద్యార్థి వసతిగృహములకు ఉదారముగా నిచ్చుచున్నారు, కృతజ్ఞులము. వారి పేరనున్న పొలములను స్వగ్రామములలో దున్నుచున్నవారిలో మన బంధువులు గలరు, ఇతర కులములవారును గలరు. వీరు వారు అని చూడక పత్రము వ్రాసి యిండని వేడుచున్నాము. దూరముననున్నవారు నమ్మకమైన వానికి పవరాఫ్ అటార్నీ పంపవచ్చును.

పత్రములో గడువు, కౌలు మొత్తము, గడువు తీరినపిదప గొట్టములు ఎవరివి, నడుమ భూమి అమ్మినయెడల ఏమగును – ఇవి వివరముగా నుండవలెను. ఏడాదికి మించిన కౌలునకు 1908 నాటి చట్టముననుసరించి రిజిస్ట్రేషను వలయును. ఆ ఖర్చు యజమాని భరించుటయే న్యాయమని మా మతము. నమూనా పత్రములు సభామంటపమునకు కుడిప్రక్కనున్న బల్లపై ఉంచితిమి.

మా నాలుగెకరములకును పత్రము వ్రాయించి, సంతకము చేసి, గతమాసమున ఆ కౌలుదారు నింటికి పంపితిమి. అతడింకను బదులు చెప్పలేదు.