కారు చవకే, సామాన్ల మాటేంటి?

ఇక్కడ గల్ఫ్‌లో పాత స్పోర్ట్స్ కార్ల రేట్లు చూసి మన కుర్రాళ్లకి నోరూరుతోంది. కొనే ముందు స్పేర్ పార్టుల లెక్క వినండి.

ఒక షట్టరింగ్ సెట్ చేయించి వంద పిల్లర్లు పోస్తే ఒక్కోదానికి పడే ఖర్చు కొంచెమే. రెండే పోస్తే? ఖర్చంతా ఆ రెండిటి మీదే. స్పోర్ట్స్ కారు బంపర్ సంగతీ అంతే. మామూలు కార్లలా లక్షల్లో చెయ్యరు కదా.

అదొక్కటే కాదు. కొన్ని సామాన్లు కంపెనీ దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు. అక్కడ తయారీ ఖర్చు కన్నా, కొనేవాడు ఎంత పెట్టగలడన్నదే చూసి రేటు వేస్తారు. 1999 మోడల్ లంబోర్గిని డయాబ్లోకి పెట్టినవి నిస్సాన్ 300జెడ్‌ఎక్స్ హెడ్‌లైట్లే. లైటు అదే, లంబోర్గిని డబ్బాలో వస్తే రేటు వేరు.

ఇంకో మాట. కారు పాతబడితే దాని రేటు పడిపోతుంది, సామాన్ల రేటు పడదు. కార్బన్ సిరామిక్ బ్రేకు డిస్కులు కొత్త కారుకైనా, పాత కారుకైనా అదే ధర.

అందుకే బయానా ఇచ్చే ముందు ఛాసిస్ నంబరు తీసుకుని పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లండి. హెడ్‌లైటు, బ్రేకు డిస్కులు, ముందు బంపర్, ఈ మూడింటి రేట్లు రాయించుకుని మీ జీతం పక్కన పెట్టి చూడండి. ఇంటికి పంపే డబ్బు ఆగేలా ఉంటే ఆ బేరం వదిలేయండి. ఉంటాను మరి.