మెట్ల మీద నిలబడిన ఇల్లాలు



పాట గురించి మాట్లాడతానంటే ఏ త్యాగరాజ కీర్తనో, ఘంటసాల గారి పాటో అనుకుంటారు. కాదండీ, ఈవేళ ఒక ఇంగ్లీషు రాక్ పాట గురించి. "ఇదేం పోయేకాలం ఈవిడకి" అనుకోకండి. ఆ హోరు నాకూ గిట్టదు. మా అబ్బాయి గదిలో అది మొదలైతే నేను వంటింటి తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని. ఒకనాడు వాడే, "అమ్మా, ఇది అలాంటిది కాదు, ఒక్కసారి చూడు" అని పట్టుకొచ్చి కూర్చోబెట్టాడు. నాలుగు నిమిషాల పాట. అవతల పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా నేను లేవలేదు.

పాట పేరు 'హర్ట్', అంటే నొప్పి. ట్రెంట్ రెజ్నర్ అనే అమెరికా కుర్రాడు 'నైన్ ఇంచ్ నెయిల్స్' అనే తన బృందం కోసం రాసుకున్నాడు. అది 1994లో వచ్చేటప్పటికి అతనికి ముప్ఫై నిండలేదు. మత్తుమందులూ, తన మీద తనకే ఏవగింపూ, ఇదీ అందులోని వేదన. దాన్నే 2002లో జానీ క్యాష్ పాడాడు. ఈయన 1932లో పుట్టి, పత్తిచేలల్లో పెరిగి, 1955 నుంచి రికార్డులిచ్చిన పెద్ద గాయకుడు. పాడేనాటికి డెబ్భై ఏళ్ళు, మధుమేహం, నరాల జబ్బు. కుర్రాడి మాటలే ముసలాయన నోట పడేసరికి అర్థమే మారిపోయింది. ఒక్క మొరటు మాట మాత్రం తీసేసి, అక్కడ క్రీస్తు ముళ్ళకిరీటాన్ని పెట్టుకున్నాడు. 2003లో దాన్ని సింగిల్‌గా, అంటే ఆల్బమ్‌లోంచి ఆ ఒక్క పాటనే విడిగా, విడుదల చేశారు. వీడియో చూశాక రెజ్నర్, "ఇక ఈ పాట నాది కాదు" అన్నట్టు మాట్లాడాడట.

ఆ వీడియో తీసినవాడు మార్క్ రోమనెక్. టెనెస్సీ రాష్ట్రంలో క్యాష్ ఇంట్లోనూ, ఆయన పేర వెలిసి మూతపడిన మ్యూజియంలోనూ తీశాడు. మనమైతే కెమెరా వస్తోందంటే ముందు బూజులు దులుపుతాం, సోఫాకి కొత్త గలీబు వేస్తాం. ఈయన ఆ పాడుబడ్డ మ్యూజియాన్ని ఉన్నదున్నట్టే చూపించాడు. మధ్యమధ్య పడుచు క్యాష్, రైలెక్కే క్యాష్, జైల్లో ఖైదీల ముందు పాడే క్యాష్. మళ్ళీ ఇటు చూస్తే ముడతలు పడ్డ మొహం. విందు భోజనం పరిచిన బల్ల మీద వణికే చేత్తో ద్రాక్షసారా ఒలకబోస్తాడు. అన్నం పెట్టిన చోట ఆ పనేమిటని నాకు ఒళ్ళు మండింది కూడా. రెండోసారి చూసినప్పుడు ఆ చెయ్యే కనిపించింది.

అసలు నన్ను కట్టిపడేసింది ఆయన కాదు, ఆయన భార్య జూన్ కార్టర్. ఆవిడా పేరున్న గాయనే. 1968లో పెళ్ళాడింది. మాత్రల వ్యసనంలో కూరుకుపోయిన మనిషిని బయటికి లాగడానికి నానా పాట్లూ పడింది. వీడియోలో ఆవిడ పాడదు, మాట్లాడదు. వెనక మెట్ల మీద నిలబడి పాడుతున్న మొగుణ్ణి చూస్తుంది. గర్వమా, జాలా, భయమా, ఏదని చెప్పను? అలా చూస్తూ ఆవిడ మెట్ల మీద నిలబడడం డైరెక్టరు అనుకోకుండా గమనించి, తీయనిమ్మని అడిగాడట. ఆ మనిషి 2003 మే 15న, గుండె ఆపరేషన్ తరవాత పోయింది. నాలుగు నెలలు తిరక్కుండా సెప్టెంబరు 12న ఆయనా పోయాడు. మరుసటేడు ఆ వీడియోకి గ్రామీ బహుమతి వచ్చింది. ఇల్లు కూడా 2007లో కాలిపోయింది.

ముసలితనాన్ని ఇలా బయటపెట్టవచ్చునా అని మా పక్కింటావిడ అడిగింది. నేనూ ఒకప్పుడు ఆ మాటే అన్నాను. మా మామగారు నాటకాల్లో పద్యాలు పాడినవారు. పక్షవాతం వచ్చి మూతి వంకర పోయాక, ఒక సాయంత్రం మా అబ్బాయి ఫోను పట్టుకుని, "తాతగారూ, ఒక్క పద్యం" అన్నాడు. ఆయన గొంతు సవరించుకున్నారు. నేనే అడ్డుపడ్డాను. "ఎందుకురా, మంచి రోజుల్లో పాడిన క్యాసెట్టుందిగా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, కండువా సర్దుకున్నారు.

ఆ క్యాసెట్టు ఇప్పటికీ ఉంది. గొంతు ఖంగుమంటుంది. కాని ఆ సాయంత్రం మా అత్తగారు వంటింటి గుమ్మంలో, చేతిలో మజ్జిగ గ్లాసుతో నిలబడి ఆయన్నే చూస్తున్నారు. అది అందులో లేదు.