ఏడు మిల్లీమీటర్ల సాలీడు



కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో 'కాన్' అని పిలిచే అడవి ముక్కలు ఉన్నాయి. దేవుడి పేరు చెప్పి ఊళ్లవాళ్లు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చిక్కటి అడవులవి. పశ్చిమ కనుమల్లోని ఆ కాన్ ప్రాంతంలో దొరికిన ఒక సాలీడు 2016 డిసెంబరులో ప్రపంచమంతటా పత్రికలకెక్కింది. దాని ఒంటి పొడవు సుమారు ఏడు మిల్లీమీటర్లు. రాత్రిపూట తిరుగుతుంది. పగలు ఎండుటాకు తునకలా కదలకుండా ఉంటుంది. పక్కనే నిలబడినా మన కంటికి ఆనదు.

మరి అంత పేరు ఎలా వచ్చింది? దాని ఆకారం వల్ల. వీపు వెనకభాగం మొనదేలి, కొస కాస్త వంగి, మాసిపోయిన పాత టోపీలా ఉంటుంది. హ్యారీ పాటర్ కథల్లో పిల్లల్ని ఏ జట్టులో చేర్చాలో చెప్పే మాట్లాడే టోపీ ఒకటుంది. ఆ టోపీ మొదటి యజమాని గ్రిఫిండోర్. ఈ సాలీడును శాస్త్రలోకానికి పరిచయం చేసిన జావేద్ అహ్మద్, రాజశ్రీ ఖలప్, సుముఖ అనే ముగ్గురూ ఆ పేరే తీసుకుని 'ఎరియోవిక్సియా గ్రిఫిండోరి' అన్నారు. రచయిత్రి రౌలింగ్ కూడా సంతోషం ప్రకటించారు. పత్రికలు అక్కడితో ఆగిపోయాయి. నన్నడిగితే ఆ పనిలో పేరు పెట్టడమే అన్నిటికన్నా తేలిక.

కొత్త సాలీడు కంటపడటం వేరు, అది కొత్తదని రుజువు చేయడం వేరు. ముందు బతికుండగానే ఫొటోలు తీయాలి, ఎందుకంటే ఆల్కహాల్‌లో వేశాక రంగులు వెలిసిపోతాయి. తర్వాత మైక్రోస్కోపు కింద పెట్టి కళ్లు ఏ వరుసలో ఉన్నాయి, కాళ్ల మీద ముళ్లు ఎక్కడెక్కడున్నాయి, ఒక్కో కాలి కణుపు ఎంత పొడవు, అన్నీ కొలిచి రాసుకోవాలి. ఇంతా చేసినా అసలు సాక్ష్యం ఇంకోచోట ఉంటుంది. ఆడ సాలీడుకు పొట్ట అడుగున జననాంగం దగ్గర గట్టి పలక ఒకటి ఉంటుంది. మగదానికి నోటి పక్కన పొట్టికాళ్లలా కనిపించే అంగాలు ఉంటాయి. వీటి నిర్మాణం జాతి జాతికీ మారుతుంది. రంగు, సైజు మోసం చేస్తాయి గానీ ఇవి అంత తేలిగ్గా మోసం చేయవు. అందుకే ఆ పలకను జాగ్రత్తగా విడదీసి, శుభ్రం చేసి, లోపలి గొట్టాల మెలికలతో సహా బొమ్మ గీస్తారు. పిల్ల సాలీడు దొరికితే సాధారణంగా పని ముందుకు సాగదు, ఆ అంగాలు దానికి ఇంకా తయారై ఉండవు కనుక.

ఆ తర్వాత పాత కాగితాల పని. అదే గణానికి చెందిన తెలిసిన జాతులన్నిటితోనూ పోల్చి, దేనికీ సరిపోలడం లేదని చూపాలి. వాటిలో కొన్నిటి గురించి వందేళ్ల కిందట ఎవరో నాలుగు ముక్కలు రాసి వదిలేసి ఉంటారు. పొలం దస్తావేజులో నాలుగు హద్దులు రాసినట్టే ఇదీను: ఇటు ఫలానా జాతి, అటు ఫలానా జాతి, ఈ రెండిటికీ దీనికీ తేడా ఇదీ. చివరగా ఒక నమూనాను మూలసాక్ష్యంగా నిర్ణయించి, అందరికీ అందుబాటులో ఉండే సంగ్రహాలయంలో భద్రపరుస్తారు. ఇకపై ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూడాలి. గ్రిఫిండోరి వర్ణన ఆడదాని మీద ఆధారపడి రాసిందే. మగది అప్పటికి తెలియదు. అయినా చెల్లుతుంది.

నమూనాతో పాటు ఎక్కడ దొరికిందో కూడా రాస్తారు. ఆ ఒక్క ముక్క ఎంత ముఖ్యమో మన గుత్తిని అడగాలి. 1899లో లండన్‌కు చెందిన పోకాక్ గుత్తి రైల్వే కలపడిపోలో దొరికిన ఒక పెద్ద నీలిరంగు సాలీడును వర్ణించాడు. అది చిన్నదేం కాదు, టరాంటులా. తర్వాత గుత్తి చుట్టుపక్కల అది మళ్లీ కనబడలేదు. నూటరెండేళ్ల తర్వాత, 2001లో, అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో తిరిగి దొరికింది. మొదటిది కలప దుంగల్లో దాక్కుని రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అనుకుంటున్నారు. పోకాక్ రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ గుత్తి అది దొరికిన చోటే తప్ప బతికే చోటు కాదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఆ నీలి సాలీడును పెంచుకోవాలని విదేశాల్లో మోజు పడేవాళ్లు చాలామంది. అడవి తరిగిపోవడం ఒకవైపు, ఈ మోజు ఇంకోవైపు. 2008లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు. అందుకని ఇప్పుడు అమ్మకానికి గిరాకీ ఉండే జీవుల విషయంలో కొందరు శాస్త్రవేత్తలు కచ్చితమైన చోటు ప్రచురించకుండా దాచి, అడిగినవారి అర్హత చూసి ఇస్తున్నారు. నాకు అది సబబే అనిపిస్తుంది.

పేర్ల లెక్క కూడా ఒకటి చెప్పాలి. 1757లో స్వీడన్‌కు చెందిన క్లెర్క్ సాలీళ్ల మీద పుస్తకం వేశాడు. జంతువుల పేర్లకు 1758 నుంచే చెల్లుబాటు అనే నియమం ఉన్నా, క్లెర్క్ పుస్తకానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ పుస్తకంతో మొదలైన పట్టిక 2022 నాటికి యాభై వేల జాతులు దాటింది. ఇంకా దొరకనివి చాలా ఉన్నాయని శాస్త్రవేత్తల నమ్మకం.

నల్లమలలో, పాపికొండల్లో, మీ ఊరి చెరువుగట్టు పొదల్లో వింత సాలీడు కనబడితే చీపురు ఎత్తకండి. గుండ్రటి గూళ్లల్లే సాలీళ్లలో చాలావాటివల్ల మనిషికి హాని లేదు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీయండి. తేదీ, చోటు, ఏ చెట్టు మీద ఉందో రాసి పెట్టుకోండి. దగ్గర్లోని కాలేజీ జంతుశాస్త్ర విభాగానికి చూపించండి. చోటు మాత్రం తప్పకుండా రాయండి.