ఆకాశంలో గీతలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ముప్పై ఏళ్లు విమానాలకు దారి చూపించావు కదా, దాని గురించి పది నిమిషాలు చెప్పు" అన్నారు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ పొద్దున్నే ఈ గ్రౌండులోకి వచ్చేసరికి, ఫొటోగ్రాఫర్ అబ్బాయి డ్రోన్ ఎగరేయడానికి సిద్ధం చేస్తున్నాడు. పాత అలవాటు కొద్దీ, "బాబూ, ఇక్కడ ఎగరేయొచ్చో లేదో చూసుకున్నావా?" అని అడిగాను. అతను నవ్వి, ఫోనులో మ్యాపు తెరిచి చూపించాడు. మన బడి ఉన్న చోటంతా ఆకుపచ్చ రంగు. "400 అడుగుల దాకా పర్మిషన్ అక్కర్లేదు సార్. ఎరుపులో అయితే కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి" అన్నాడు. 2021 డ్రోన్ నిబంధనలు అతనికి నాకంటే బాగా వచ్చు. అప్పుడే అనుకున్నాను, ఇవాళ ఆ ఎరుపు రంగు గురించే మాట్లాడదామని. అంటే, ప్రపంచంలో విమానాలు ఎగరకూడని చోట్ల గురించి.

ఆకాశం అందరిదీ అంటాం. చట్టం ప్రకారం కాదు. 1944 డిసెంబరులో షికాగోలో చాలా దేశాలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. అందులో మొట్టమొదటి అధికరణమే ఇది: ఏ దేశం నేల మీది ఆకాశం ఆ దేశానిదే, దాని మీద పూర్తి అధికారం దానిదే. తొమ్మిదో అధికరణం ఇంకో మాట చెబుతుంది. సైనిక అవసరం కోసమో, ప్రజల భద్రత కోసమో ఒక దేశం తన ఆకాశంలో కొంత భాగాన్ని మూసేయొచ్చు. కానీ ఆ భాగం సబబైనంత మేరకే ఉండాలి. మన విమానాలకు ఒక రూలు, పరాయి దేశం విమానాలకు ఇంకో రూలు పెట్టకూడదు. గీత గీస్తే అందరికీ తెలియజెయ్యాలి.

ఈ గీతలు మూడు రకాలు. ఎప్పుడూ వెళ్లకూడనివి నిషిద్ధ ప్రాంతాలు. షరతుల మీద వెళ్లగలిగేవి రెండో రకం. మూడో రకం ప్రమాద ప్రాంతాలు, అంటే ఫిరంగులు కాల్చడం లాంటి పనులు జరిగే చోట్లు. మ్యాపులో ప్రతి దానికీ ఒక పేరు ఉంటుంది. ఢిల్లీ ప్రాంతానికి గుర్తు వీ, ఐ అనే రెండక్షరాలు. దాని పక్కన నిషేధానికి పీ చేరిస్తే వీఐపీ అవుతుంది. రాష్ట్రపతి భవన్ ఉన్న చోటు మా మ్యాపుల్లో వీఐపీ-89. ఎవరో సరదాకి పెట్టిన పేరు కాదు, అక్షరాలు అలా కలిసొచ్చాయి. ట్రైనింగులో ఇది విని నవ్వని వాళ్లు లేరు.

రాష్ట్రపతి భవన్, ట్రాంబేలోని బాబా అణు పరిశోధన కేంద్రం, కల్పాక్కం అణు కేంద్రం... వీటి మీద ఎందుకు ఎగరకూడదో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కొన్ని గీతలు కొద్ది గంటలే ఉంటాయి. మన శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే ప్రతిసారీ ముందే పైలట్లకు నోటీసు వెళ్తుంది. రాకెట్ నుంచి విడిపోయిన భాగాలు సముద్రంలో పడతాయి కాబట్టి, బంగాళాఖాతం మీద ఫలానా చోటు ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఖాళీగా ఉండాలని అందులో ఉంటుంది. టీవీలో మనం కౌంట్‌డౌన్ చూస్తుంటే, కంట్రోల్ రూముల్లో మావాళ్లు విమానాలను దూరంగా తిప్పి పంపుతుంటారు.

తిరుమల సంగతి చాలామంది అడుగుతారు. స్వామివారి ఆలయం మీదుగా విమానాలు వెళ్లడం ఆగమశాస్త్రానికి విరుద్ధమని, నో ఫ్లై జోన్‌గా ప్రకటించాలని దేవస్థానం కేంద్రాన్ని ఎన్నోసార్లు కోరింది. 2025లో కూడా కోరింది. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం అలాంటి ప్రకటన రాలేదు. నేనూ మెట్ల దారిన కొండెక్కేవాడినే, భక్తుల బాధ నాకు తెలుసు. కానీ షికాగోలో రాసుకున్న కారణాలు రెండే, సైన్యం, భద్రత. మనోభావం ఆ జాబితాలో లేదు. పైగా రేణిగుంట విమానాశ్రయం కొండకు చాలా దగ్గర. ఒక గీత గీయడం సులభం. దాని పక్కన దిగే ప్రతి విమానానికీ కొత్త దారి వెతకడం కష్టం.

సరైన కారణం లేకుండా గీసిన గీతలూ ఉన్నాయి. అమెరికాలో 2001 దాడుల తర్వాత చాలా చోట్ల ఆకాశాన్ని మూశారు, కొన్నాళ్లకు కొన్ని తీసేశారు. కానీ 2003లో ఒక పెద్ద ఖర్చుల బిల్లులో చేర్చిన నిబంధన వల్ల కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్, ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ మీద శాశ్వతంగా గీత పడింది. 3 నాటికల్ మైళ్ల చుట్టుకొలతలో కాదు, అన్ని మైళ్ల వ్యాసార్ధంలో, 3,000 అడుగుల లోపు ఎగరకూడదు. లెక్కల మాస్టారు ఎదురుగా ఉన్నారు, తప్పు చెబితే ఊరుకోరు! భద్రత కోసమే అని ఆ సంస్థ అంది. ఆ పైన ప్రకటనల బ్యానర్లు లాగుతూ తిరిగే చిన్న విమానాల వాళ్లు మాత్రం, మా పొట్ట కొట్టడానికే అన్నారు. ఎవరి మాట నిజమైనా, పిల్లలు ఆడుకునే పార్కుకు దాదాపు వైట్‌హౌస్‌కు ఇచ్చినంత గౌరవం దక్కింది.

ఇంతవరకూ నవ్వుకుంటూ విన్నారు. ఇప్పుడు చెప్పేవి నవ్వే విషయాలు కావు.

1983 సెప్టెంబరు 1న కొరియన్ ఎయిర్‌లైన్స్ 007 విమానం అలాస్కా నుంచి సియోల్ వెళ్తోంది. ఆటోపైలట్ ఉండాల్సిన పద్ధతిలో లేక, విమానం దారి తప్పి కొన్ని వందల కిలోమీటర్లు పక్కకు జరిగింది. లోపల ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. అది సోవియట్ యూనియన్ మూసి ఉంచిన ఆకాశంలోకి వెళ్లింది. యుద్ధ విమానం వచ్చి క్షిపణితో కూల్చేసింది. 269 మంది పోయారు. మరుసటి ఏడాది షికాగో ఒప్పందానికి ఒక సవరణ చేర్చారు. ఎగురుతున్న పౌర విమానం మీద ఆయుధం వాడకూడదని అందులో స్పష్టంగా రాశారు. జీపీఎస్ సిద్ధమయ్యాక దాన్ని మామూలు జనానికి కూడా ఉచితంగా ఇస్తామని అమెరికా ప్రకటించింది కూడా ఈ ఘటన తర్వాతే. ఇవాళ ఊరి పేరు కొట్టి దారి చూసుకుంటూ మీరంతా ఇక్కడికి వచ్చారు కదా, దాని వెనక ఆ 269 మంది ఉన్నారు.

నాలుగేళ్లు తిరక్కుండానే, 1987 మే నెలలో, మథియాస్ రస్ట్ అనే జర్మన్ కుర్రాడు హెల్సింకీలో ఒక చిన్న సెస్నా విమానం ఎక్కి తిన్నగా మాస్కో వెళ్లి రెడ్ స్క్వేర్ పక్కన దిగాడు. వయసు ఇంకా పంతొమ్మిది నిండలేదు. రాడార్లు చూశాయి, యుద్ధ విమానాలు దగ్గరకు వచ్చి వెళ్లాయి. ఎవరూ కాల్చలేదు. 1983 తర్వాత కాల్చమని చెప్పే ధైర్యం పైవాళ్లకు లేకపోయింది. రక్షణ మంత్రి పదవి పోయింది. అదే గీత, ఒకసారి అతిగా కాపలా కాశారు, ఇంకోసారి అసలు కాయలేకపోయారు.

మూడోది నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. 2014లో తూర్పు ఉక్రెయిన్‌లో యుద్ధం. విమానాలను కూలుస్తున్నారని, జూలై 14న 32,000 అడుగుల లోపు ఆకాశాన్ని మూసేశారు. ఆ పైన తెరిచే ఉంచారు. మూడు రోజుల తర్వాత, జూలై 17న, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కౌలాలంపూర్ వెళ్లే మలేషియా విమానం ఎంహెచ్17 అక్కడ 33,000 అడుగుల ఎత్తులో ఎగురుతోంది. రూలు ప్రకారం తప్పేమీ లేదు. గీతకు వెయ్యి అడుగుల పైన ఉంది. నేల మీంచి వచ్చిన బక్ క్షిపణికి ఆ గీత తెలియదు. 298 మంది చనిపోయారు. ఆ రోజు దాదాపు 160 విమానాలు ఆ దారిన వెళ్లాయి. సరిగ్గా ఆ సమయానికి ఢిల్లీ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్లే మన ఎయిరిండియా విమానం కూడా ఆ దగ్గరలోనే ఉంది. మొత్తం ఆకాశాన్ని మూసేయడానికి తగినంత కారణం ఉందని నెదర్లాండ్స్ దర్యాప్తు సంస్థ తర్వాత తేల్చింది. మూయాల్సిన చోట సగమే మూశారు.

పేపర్లలో "నో ఫ్లై జోన్" అని వచ్చేది ఇంకో రకం. అక్కడ గీత గీసేది ఆ దేశం కాదు, బయటివాళ్లు. 1991 తర్వాత ఇరాక్ ఉత్తరాన 36వ అక్షాంశం పైన ఇరాక్ విమానాలే ఎగరకూడదని అమెరికా, దాని మిత్రులు అడ్డుకున్నారు. కుర్దులను కాపాడటానికి అన్నారు. 1994 ఏప్రిల్‌లో ఆ కాపలా కాస్తున్న అమెరికా యుద్ధ విమానాలే, శత్రువులవనుకుని, రెండు అమెరికా హెలికాప్టర్లను కూల్చాయి. 26 మంది పోయారు. గీత గీయగానే సరిపోదు, కాపలావాడికి తనవాడెవరో తెలియాలి.

ఇక మన ఇళ్లలో తగిలిన గీత. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ మన విమానాలకు, మనం వాళ్ల విమానాలకు ఆకాశం మూసుకున్నాం. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే మన విమానాలు చుట్టూ తిరిగి, కొన్ని యూరప్‌లో ఆగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. మనవడిని చూడటానికి బయల్దేరిన అమ్మమ్మలు, తాతయ్యలు ఎన్ని గంటలు ఎక్కువ కూర్చున్నారో ఇక్కడున్న కొందరికి తెలుసు.

చివరగా నా సంగతి ఒకటి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మే నెల సాయంత్రం. దారికి అడ్డంగా ఉరుముల మేఘం. పైలట్ ఎడమకు తిరుగుతానన్నాడు. ఎడమ వైపు ఫైరింగ్ జరుగుతున్న ప్రాంతం. "కుదరదు" అన్నాను, అంతే. మళ్లీ అడిగాడు. మళ్లీ కుదరదన్నాను. మూడోసారి గొంతు పెంచాడు. ఎదురుగా మేఘం, లోపల ప్రయాణికులు, అతని భయం అతనిది. పక్కనున్న మా సీనియర్ వంగి, "కారణం చెప్పవయ్యా" అన్నాడు. "ఎడమన ఫైరింగ్ జరుగుతోంది, కుడివైపు ఖాళీగా ఉంది" అన్నాను. మారు మాట లేకుండా కుడికి తిరిగాడు. ఆ వాదనకు పట్టింది ఒక నిమిషం. నిమిషంలో జెట్ విమానం 14 కిలోమీటర్లు వెళ్తుంది. ఆ నిమిషం పోగొట్టింది నేనే.

ఆ రాత్రి ఇంటికి వెళ్తుంటే ఈ బడే గుర్తొచ్చింది. మన వంటషెడ్డు వెనక పాడుబడ్డ బావి ఉండేది, పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అటు వెళ్లొద్దని అందరూ తిట్టేవాళ్లు, మేం రోజూ వెళ్లేవాళ్లం. ఒకరోజు లెక్కల మాస్టారు మా క్లాసు మొత్తాన్ని వరసగా అక్కడికి తీసుకెళ్లారు. ఒక ఇటుక ముక్క వేసి, నీళ్ల చప్పుడు వినపడేదాకా లెక్కపెట్టమన్నారు. లెక్కపెట్టాం. తర్వాత మాలో ఒక్కడూ అటు పోలేదు. మాస్టారూ, మీకు ఇది గుర్తుందో లేదో. మిగతా ముప్పై ఏళ్లూ నేను ఏ పైలట్‌కూ ఉత్త "కుదరదు" చెప్పలేదు.

పిల్లలూ, రేపు మీలో కొందరు కలెక్టర్లవుతారు, హెడ్మాస్టర్లవుతారు, అందరూ అమ్మానాన్నలవుతారు. గీతలు గీయక తప్పదు. ఎందుకు గీశారో చెప్పండి, కారణం పోయిన రోజున చెరిపేయండి, ప్రమాదం ఉన్నచోట సగం గీసి ఊరుకోకండి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. డ్రోన్ అబ్బాయి గ్రూప్ ఫొటో కోసం ఎదురుచూస్తున్నాడు. అందరం తల పైకెత్తి నవ్వుదాం. ఈ చోటంతా ఆకుపచ్చే, భయం లేదు.