మన బండి – మన వెనుక కూర్చున్నవారు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు పద్యమును గురించియో, పంచాంగమును గురించియో మాటలాడక, మోటారు సైకిలును గురించి మాటలాడుటేమి అని మీలో కొందరు అనుకొనవచ్చును. పద్యము చెప్పగలవారు మన సంఘములో చాలమంది ఉన్నారు. మాకు చేతనైనది స్పానరు పట్టుట. అయినను మనబోటి కుటుంబములకు బండి ఆటవస్తువు కాదు. కాపురము వేలూరులో, వ్యాపారము గుడియాత్తంలో, మేనమామగారిల్లు చిత్తూరులో, వియ్యాలవారు పలమనేరులో. ఈ నాలుగు మూలలను కలిపి కుట్టిన దారము మనకు బండియే. పెండ్లి పిలుపులకు పోయినదీ అదే, అర్ధరాత్రి ఆసుపత్రికి పోయినదీ అదే. కనుక ఇంటి విషయము మాటలాడుచున్నామనియే మా ఉద్దేశము.

బండిని మన ఇష్టము వచ్చినట్లు మార్చుకొనుట ఎంతవరకు మంచిది, ఎక్కడ ఆగవలెను అన్నదే నేటి ప్రసంగము.

ముందుగా ఒక మాట ఒప్పుకొందము. బండిని మార్చుకొనుట తప్పు కాదు. కంపెనీవారు బండిని ఒకే కొలతకు కుట్టిన చొక్కావలె తయారు చేస్తారు. పొడుగువానికీ అదే, పొట్టివానికీ అదే. 1955లో మద్రాసు మోటార్సువారు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థతో చేయి కలిపి, తిరువొత్తియూరులో బుల్లెట్టు బండ్లను కూర్చుట మొదలుపెట్టినారు. తరువాత మైసూరునుండి జావాలు వచ్చినవి. 1980లో హోసూరునుండి టి.వి.ఎస్. 50 వచ్చినది. వీటిలో ఏ బండియైనను మన వీధికి వచ్చిన నెల దాటకముందే ఏదో ఒక మార్పు పొందక మానలేదు. ఒకరు క్యారియరు బిగించినారు, ఒకరు సీటుకు స్పాంజి కలిపించినారు, ఒకరు ట్యాంకుకు రెగ్జిను కవరు కుట్టించినారు.

ఈ సరదా మనకే కాదు, ప్రపంచమంతటా ఉన్నది. ఇంగ్లండులో 1950, 60 ఏండ్ల ప్రాంతమున లండను ఏస్ కేఫ్ వంటి చోట్ల చేరిన కుర్రవాండ్రు హ్యాండిలును క్రిందికి దించి, ముందుకు వంగి నడిపేవారు. నార్టన్ చట్రములో ట్రయంఫ్ ఇంజనును అమర్చి, రెండు పేర్లను కలిపి దానిని ట్రైటన్ అన్నారు. అమెరికాలో ముందు ఫోర్కును బారెడు సాగదీసినారు. వారి మార్పులు చాలవరకు ఒంటరిగా పోవువానికి తగినవి. మన బండిమీద ఒంటరిగా పోవువాడు అరుదు. వెనుక భార్య, నడుమ బిడ్డ, ముందు సంచి. ఈ తేడాను గుర్తుంచుకొనవలెనని మనవి.

ఇంటివద్ద మనమే చేసికొనదగిన మంచి మార్పులు కొన్ని చెప్పెదము.

వీపు నొప్పితో బాధపడువారు మొదట సీటును నిందింతురు. అంతకు ముందు హ్యాండిలు బిగింపును కొంచెము వదులుచేసి, కోణమును తనవైపు త్రిప్పి చూడవలెను. కూర్చున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండవలెను. మణికట్టు, ముంజేయి ఒకే వరుసలో ఉండునట్లు క్లచ్చు, బ్రేకు లీవర్లను దించుకొనవలెను. దీనికి పైసా ఖర్చు లేదు. సరిచేసిన తరువాత హ్యాండిలును రెండు ప్రక్కలకు పూర్తిగా త్రిప్పి, కేబుళ్లు లాగుకొనిపోవుట లేదని చూచుకొనవలెను. సీటుకు స్పాంజి కలిపించువారు, ఆగినప్పుడు రెండు పాదములును నేలకు ఆనుచున్నవా అని చూడవలెను. మెత్తదనముకొరకు ఎత్తు పెంచుకొని, సిగ్నలువద్ద ఒరిగి పడినవారిని మేము చూచినాము.

బరువు మోయు విద్య నేర్వదలచినవారు గుడియాత్తం లుంగీల మూటలు కట్టువారిని చూడవలెను. మంచి మోతగాడు మూటను వీలైనంత క్రిందుగా, వీలైనంత ముందుకు కట్టును. ఎత్తున, వెనుకకు వ్రేలాడునట్లు కట్టిన మూట ముందు చక్రమును తేల్చివేయును. హ్యాండిలు చేతిలో ఉన్నదేగాని బండి మాట వినదు. క్యారియరు బిగించినవారు వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత బోల్టులన్నింటిని మరియొకసారి బిగించుకొనవలెను. క్రొత్త బోల్టు మొదటి అదురులకు వదులగుట సహజము.

ఇప్పుడు అందరికీ ఫోను చార్జరు కావలెను. దాని తీగను తాళము తీసిన తరువాతనే కరెంటు వచ్చు చోట కలిపి, నడుమ చిన్న ఫ్యూజు పెట్టవలెను. తిన్నగా బ్యాటరీకి తగిలించినచో మరచిన ఒక్క రాత్రికి బ్యాటరీ దిగిపోవచ్చును. ఫ్యూజు లేనిచో, తీగ ఒరసికొని తగులబడు ప్రమాదము కూడ ఉన్నది.

దీపము సంగతియు ఇట్టిదే. పన్నెండు వోల్టుల బండిలో 35 వాట్ల బల్బు సుమారు మూడు ఆంపియర్లు త్రాగును. దాని స్థానమున వంద వాట్లది పెట్టినచో ఎనిమిది ఆంపియర్లు దాటును. తీగలు అవే, స్విచ్చి అదే, హోల్డరు అదే. కొన్నాళ్లకు హోల్డరు కరిగి, నడిరాత్రి అసలు దీపమే ఆరిపోవును. అది వెలిగినన్నినాళ్లు ఎదుటివాని కన్నులు పొడుచును.

ఇంతవరకు చెప్పినది పుస్తకములలోను దొరకును. ఇక చెప్పబోవునది పుస్తకములో లేదు. మా ఇంటిలో జరిగినది.

1994లో మేము ఒక పాత మోటారు సైకిలు కొన్నాము. వయసు ముప్పై దాటలేదు. బండికి రంగు వేయించినాము. మెరిసే సైలెన్సరు పెట్టించినాము. ఎంత చేసినను ఎడమ ప్రక్క వెనుక చక్రముమీద ఉన్న శారీ గార్డు మా కంటికి నలుసైనది. అది ఉన్నంతకాలము బండి ముసలివాని బండివలె ఉన్నదని మిత్రులు నవ్వినారు. ఒక ఆదివారము రెండు బోల్టులు విప్పి దానిని తీసివేసినాము. పది నిమిషముల పని. చక్రము తీగలన్నియు తళతళలాడుచు కనబడినవి. దూరముగా నిలిచి చూచుకొని మురిసిపోయినాము. గార్డును అటకమీద పెట్టినాము.

ఆ మే నెలలో గుడియాత్తం గంగమ్మ శిరస్సు ఉత్సవము వచ్చినది. ప్రతి ఏడు అమ్మ బస్సులో పోయేది. ఆ ఏడు మేమే, క్రొత్త బండిమీద తీసికొనిపోయెదమని పట్టుపట్టినాము. కాట్పాడి దాటి, కె.వి. కుప్పము మీదుగా పోవుచున్నాము. అమ్మ తన అలవాటు ప్రకారము ప్రక్కకు కూర్చున్నది. ఒక చేత పూలు, కొబ్బరికాయల సంచి. ఒక చేయి మా భుజముమీద. ఎండ, ఎదురుగాలి. ఊరు దగ్గర పడినదని వేగము తగ్గించినాము. ఆ తగ్గించుటయే అమ్మను బ్రతికించినది. ఉన్నట్లుండి మా భుజముమీది చేయి జారినది. బండి వెనుకకు ఎవరో పట్టి లాగినట్లైనది.

కొంగు చక్రములో చుట్టుకొన్నది. అమ్మ రోడ్డుమీద ఉన్నది.

వెనుక లుంగీల మూటతో వచ్చుచున్న ఒక పెద్దమనిషి బండి ఆపి, మూటల త్రాళ్లు కోయు కత్తితో చీరను కోసి అమ్మను విడిపించినాడు. ఆయన చక్రమువంక చూచి, మావంక చూచి, “ఇక్కడ ఉండాల్సిన కమ్మి ఏమైంది నాయనా?” అని అడిగినాడు. మాకు నోట మాట రాలేదు. ఎడమ మణికట్టును ఒడిలో పెట్టుకొని కూర్చున్న అమ్మయే బదులు చెప్పినది.

“తుప్పు పట్టిందని తీసినాడన్నా. రేపే కొత్తది ఏయిస్తానన్నాడు.”

సోదరులారా, ఆ గార్డుకు తుప్పు లేదు. అది అటకమీద క్రొత్తదానివలె ఉన్నది. ఆ సంగతి అమ్మకు తెలియును. ఆమెయే దానిమీద పాత గుడ్డ కప్పినది.

మణికట్టు విరిగినది. రెండు నెలలు కట్టు. తరువాత ఎముక అతికినది గాని, నిండు బిందెను ఆ చేత ఎత్తుట ఆమెకు మరల సాధ్యము కాలేదు. గార్డును తిరిగి బిగించుటకు మాకు పట్టినది, తీసినప్పటివలెనే, పది నిమిషములు.

అమ్మ మమ్ములను ఒక్క మాట అనలేదు. గార్డు తీసివేయునప్పుడును ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు. బండిని మార్చువాడు ముందు కూర్చుండును. ఆ మార్పు ఫలము అనుభవించువారు చాలసార్లు వెనుక కూర్చుందురు. ఈ ప్రసంగమంతయు ఈ రెండు మాటలకొరకే.

తరువాత మేము చట్టము చదివినాము, ముందే చదువవలసినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 123వది ఈ విషయమునే చెప్పుచున్నది. మోటారు సైకిలుకు వెనుక కూర్చున్నవారు పట్టుకొనుటకు స్థిరమైన పిడి ఉండవలెను. పాదములు మోపుటకు ఆధారము ఉండవలెను. వారి బట్టలు చక్రములో చిక్కుకొనకుండ, వెనుక చక్రమును సగమునకు తక్కువ కాకుండ కప్పు రక్షణ ఉండవలెను. అనగా మేము అందముకొరకు విప్పినది కంపెనీవారు దయతో ఇచ్చిన అలంకారము కాదు, వెనుక కూర్చున్నవారికి చట్టమిచ్చిన హక్కు.

1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, ఆర్.సి.లోని వివరములకు విరుద్ధమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడ దీనిని గట్టిగా చెప్పినది. అదే ఏడు వచ్చిన సవరణచే, అనుమతిలేని ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. రంగు మార్చినను కార్యాలయములో తెలిపి వ్రాయించుకొనవలెను. పెద్ద మార్పు చేసినచో భీమా కంపెనీకి తెలుపుట మరువరాదు. ప్రమాదము జరిగిననాడు ఆ మాట వచ్చును.

సైలెన్సరును గురించియు ఒక మాట. లోపలి గొట్టము తీసివేసి, బండి సింహమువలె గర్జించుచున్నదని మురియు యువకులు మన ఇండ్లలోను ఉన్నారు. మనమున్నది వేలూరు. 1900లో ఐడా స్కడర్ అమ్మగారు ప్రారంభించిన వైద్యాలయము నేడు దేశము నలుమూలలనుండి రోగులను రప్పించుచున్నది. వారిలో మన తెలుగువారు ఎందరో! ఆసుపత్రి చుట్టును నూరు మీటర్లవరకు నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటించుటకు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు వీలు కల్పించినవి. ఆ మంచముమీద పడుకొన్నది మన ఊరినుండి వచ్చిన మన పెద్దమ్మయే కావచ్చును. ఆమెయు ఒక విధముగా మన వెనుక కూర్చున్నట్లే.

అన్ని మార్పులలోను గొప్పదానిని కడపటికి ఉంచినాము. ఈ ఊరి డాక్టర్ మేరీ వర్గీస్‌గారు 1954లో కారు ప్రమాదములో వెన్ను దెబ్బతిని, కాళ్లు చచ్చుబడినను, చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినారు. ఆమె పూనికతో 1966లో ఇక్కడి పునరావాస కేంద్రము వెలసినది. అట్టి ఊరిలో, వెనుక రెండు ప్రక్కల అదనపు చక్రములు అమర్చిన స్కూటరుపై తన పనికి తానే పోవు మనిషిని చూచినప్పుడు మేము ఒక క్షణము ఆగి చూతుము. ఆ బండిలోని ఏ బోల్టును ఒకరిని మెప్పించుటకు బిగించినది కాదు. చట్టము కూడ అంగవైకల్యము గలవారి వాడకమునకై చేయు ఇట్టి మార్పులకు దారి విడిచినది. దానిని ఆర్.సి.లో వ్రాయించుకొనవలెను.

అందము వద్దని మేము చెప్పుట లేదు. రంగు, సీటు కవరు, మెరుగు పెట్టిన రిమ్ము – ఇవి కన్నులకు పండుగ. మా బండి నేటికిని మా వీధిలో తక్కువైనది కాదు. అయితే ఏ వస్తువునైనను విప్పకముందు, ఇది ఎవరికొరకు పెట్టబడినది అని ఒకసారి అడుగుకొనవలెను. అద్దము వెనుక వచ్చువానికొరకు. పిడి, ఫుట్ రెస్టు, శారీ గార్డు వెనుక కూర్చున్నవారికొరకు. మన సొమ్ము కానిదానిని మనము విప్పరాదు.

ఈ ఉగాదినాడు పచ్చడి తిన్న తరువాత ఇంటి ముందున్న బండివద్దకు ఒకసారి పోయి రండి. ఇంటి ఆడవారిని పిలిచి వెనుక కూర్చుండబెట్టండి. “చేతికి పిడి అందుతూ ఉన్నదా? కాలికి ఆనుతూ ఉన్నదా? కొంగు ఎక్కడ పడుతూ ఉన్నది?” అని అడగండి. వారు చెప్పిన మార్పును ముందు చేయండి. అటకమీద ఏవైనా పడియున్నచో క్రిందికి దింపండి. పది నిమిషముల పనియే.

అందరి ఇండ్లకు, అందరి ప్రయాణములకు ఈ నూతన సంవత్సరము క్షేమము చేకూర్చుగాక.