తల్లిలేని కుక్కపిల్లకు పాలు పట్టడం



వీధికుక్క ఏ లారీ కిందో పడి చచ్చిపోతుంది. కళ్ళయినా తెరవని కూనలు మెట్లకింద కుయ్యికుయ్యిమంటుంటాయి. మన పిల్లలు వాటిని పొదివి పట్టుకుని, "అమ్మా, కాసిని పాలు పొయ్యవే" అంటూ వచ్చేస్తారు. కాదనడానికి మనకూ మనసొప్పదు. అయితే పాలగిన్నె అందుకునే ముందు రెండు సంగతులు చూడాలి.

మొదటిది, తల్లి నిజంగా పోయిందా? తిండికోసం వెళ్ళిందేమో, కాసేపు దూరంనుంచి కనిపెట్టండి. తల్లిపాలకు సాటి లేదు.

రెండోది, కూన ఒళ్ళు వెచ్చగా వుందా? మొదటి రెండు మూడు వారాలు దానికి ఒంటివేడి నిలుపుకునే శక్తి వుండదు. చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు, ప్రాణంమీదికి వస్తుంది. అట్టపెట్టెలో పాతచీర పరిచి, వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టండి. వేడెక్కువైతే కూన జరగడానికి రెండో పక్క ఖాళీ వుండాలి. మొదటివారం పెట్టెలో 30 డిగ్రీల వెచ్చదనమైనా కావాలి. ఒళ్ళు వెచ్చబడ్డాకే పాలు.

పసివాళ్ళను కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పొయ్యడం మనకు అలవాటు. కుక్కపిల్లకు మాత్రం ఆ పని చెయ్యకండి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తల్లి దగ్గర తాగినట్టే బోర్లా వుంచి, తల కొంచెం పైకెత్తి పట్టాలి. సీసా తలకిందులు చేస్తే పాలు బొట్లుబొట్లుగా రాలాలి, ధార కట్టకూడదు. సీసాను పిండవద్దు. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపెయ్యండి.

ఏ పాలు పట్టాలి? ఆవుపాలకంటే కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు బాగా ఎక్కువ. అందుకే ఉత్త ఆవుపాలతో కూనలు సరిగా ఎదగవు, విరేచనాలు కూడా పట్టుకోవచ్చు. కుక్కపిల్లలకోసమే చేసిన పాలపొడి పశువుల మందులషాపుల్లో దొరుకుతుంది. డబ్బామీది కొలత ప్రకారం కాచిన నీళ్ళలో కలిపి, గోరువెచ్చగా పట్టండి. మొదటివారం రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా పట్టాలి. ఇంట్లో అందరూ వంతులు వేసుకుంటేనే ఇది సాగుతుంది. సీసా, పాలపీక ప్రతిసారీ మరిగించాలి.

చాలామందికి తెలియని సంగతి మరొకటుంది. మూడు వారాలదాకా కూనలు తమంతట తాము మలమూత్రాలు విసర్జించలేవు. తల్లి నాకి ఆ పని చేయిస్తుంది. పాలు పట్టినప్పుడల్లా తడిపిన వెచ్చని దూదితో పొట్టకింద, తోకకింద మెల్లగా తుడవండి.

రోజూ ఒకే వేళకు తూచండి. పుట్టినప్పటి బరువు ఇంచుమించు 10 రోజుల్లో రెట్టింపు కావాలి. బరువు పెరగకపోయినా, పాలు తాగకపోయినా ఆలస్యం చెయ్యక పశువైద్యునికి చూపించండి. నాలుగోవారంనుంచి పళ్ళెంలో మెత్తటి తిండి అలవాటు చెయ్యవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య టీకాలు మొదలుపెట్టాలి.

ఒక్క హెచ్చరిక. పిల్లలకు కూన పన్ను గాని గోరు గాని గీరుకుంటే, "చిన్నదేగా" అని ఊరుకోకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

ముందు వెచ్చదనం, తరువాత పాలు, ఆపైన దూది. ఈ వరస తప్పకుండా చూసుకుంటే మీ ఇంటికి చేరిన కూన బతికి బట్టకట్టే అవకాశం వుంటుంది. సెలవు.